మామూలు రక్తం

బెత్తం డాక్టరు ఎవరూ పిలవకుండానే వచ్చాడు, ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీలో కూర్చున్నాడు, తెల్లకోటు విప్పి పక్కన పడేసి చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచాడు.

"నాదీ తీసుకోండి. మంచి రక్తం ఎలా ఉంటుందో మీ మెషీను కూడా ఒకసారి చూడాలిగా," అన్నాడు.

గదిలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నవ్వక చస్తారా, ఆసుపత్రిలో సగం మంది ఉద్యోగాలు ఆయన సంతకం మీద నడుస్తాయి. మనిషి నిటారుగా, ఎక్కడా చిటికెడు కొవ్వు లేకుండా ఉంటాడు. ఎదురొచ్చిన ప్రతివాళ్ళకీ మాటతో ఒకటి తగిలిస్తాడు. అందుకే ఆ పేరు ఆయనకి అతికినట్టు సరిపోయింది. ఆ పేరు ఆయనకి తెలుసు, పైగా ఇష్టం కూడా.

నవ్వనిది ఒక్కతే. ఆ ల్యాబు ఆమెది. రక్తం ఎలా గడ్డ కడుతుంది, కట్టిన గడ్డ కొందరి ఒంట్లో ఎందుకు కరగకుండా మొండికేస్తుంది అన్నది తేల్చడమే ఆమె పని. ఆసుపత్రి మొత్తం ఆమెని గడ్డలమ్మ అంటుంది. డాక్టరమ్మ అని పిలిచేది కొత్తగా చేరినవాళ్ళే, అదీ వారం పది రోజులు.

ఆ సోమవారం మామూలు రక్తం తీసుకునే రోజు. రోగుల రక్తాన్ని దేనితోనన్నా పోల్చి చూడాలి కదా, దానికి ఏ జబ్బూ లేని సన్నటి మనుషుల రక్తం కావాలి. అలాంటివాళ్ళని బయట వెతుక్కోవడం పెద్ద తలనొప్పి. కాబట్టి చాలా ల్యాబుల్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పనిచేసేవాళ్ళే పరగడుపున వచ్చి వరసగా కూర్చుని చేతులు చాపుతారు. ట్యూబుల మీద పేర్లుండవు, నెంబర్లే. ఎప్పుడూ మొదట ఇచ్చేది గడ్డలమ్మే. పక్కవాళ్ళని పొడిచే ముందు తను పొడిపించుకోవాలని ఆమె పట్టు. ఈసారి బెత్తం ముందుకొచ్చి కూలబడేసరికి ఆ వరస కాస్తా తప్పింది.

నర్సు ఆయన చేతికి పట్టీ బిగించి, నరం దొరకగానే వదులు చేసింది. ఎక్కువసేపు బిగిస్తే రక్తం తీరు మారిపోతుంది. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాక, ఊపకుండా, నిద్రపోతున్న పిల్లని పక్కకి తిప్పినంత మెల్లగా అటూ ఇటూ తిప్పి స్టాండులో పెట్టింది.

"మీక్కావాల్సింది ఇదేగా. పొద్దున్నే ఊరంతా పరిగెత్తి వచ్చాను, చూసుకోండి," అన్నాడు బెత్తం దూది నొక్కిపట్టుకుని. "ఈ శనివారం మోకాలికి చిన్న ఆపరేషను. ఒక వారం మంచం దిగొద్దన్నాడు సర్జన్. తర్వాత మళ్ళీ పరుగే."

లేచి కోటు తగిలించుకుంటూ తలుపు దాకా వెళ్ళి ఆగాడు. బయట వరండాలో బెంచీల మీద ఆమె రోగులు కూర్చుని ఉన్నారు. అందరూ భారీ మనుషులు. ఆయన గొంతు తగ్గించలేదు.

"ఇంతమంది రక్తం పిండి నువ్వు కనిపెట్టేదేంటమ్మా? నోరు తగ్గించుకుంటే ఒళ్ళు తగ్గుతుంది, ఒళ్ళు తగ్గితే అన్నీ పోతాయి. దీనికో ల్యాబు, దీనికో మెషీను. శుక్రవారం కమిటీలో ఈ మాటే చెప్తాను. మూసేద్దాం."

బెంచీ చివర కూర్చున్నావిడ ఒళ్ళోని సంచీని పొట్ట మీదికి లాక్కుంది. గడ్డలమ్మ చూసింది. చూసి, చేతిలోని చుక్కలు కొలిచే పిపెట్‌ని బల్ల మీద పెట్టింది, లేకపోతే విరిచేసేదే.

ఆ మాట ఆమెకి కొత్త కాదు. కాలు వాచి, పిక్క రాయిలా గట్టిపడి, నడవలేక నడుచుకుంటూ ఇదే మనిషి దగ్గరికి వెళ్ళిన తన సొంత అక్కకి కూడా ఆయన సరిగ్గా ఆ మాటే చెప్పి పంపించాడు. కాలు ముట్టుకుని చూడలేదు. కాల్లోని గడ్డ ఊపిరితిత్తుల దాకా పాకింది. అక్క బతికింది. కాలు మాత్రం ఈ జన్మకింతే.

మామూలు రక్తం ఇచ్చేందుకు తన వంతు రాగానే గడ్డలమ్మ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. సూది దిగినా ఆమెకి తెలియలేదు. శుక్రవారం అన్న మాటే చెవుల్లో గింగురుమంటోంది. ఏళ్ళ తరబడి నిలబడి చేసిన పని శుక్రవారం ఒక చేతి ఊపుతో పోతుంది. ఊపేది ఆ చెయ్యి.

మంగళవారం మధ్యాహ్నం ప్లేటు మెషీన్లో పెట్టింది. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాన్నిండా చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తంలోని పసుప్పచ్చటి ప్లాస్మా చుక్క. గడ్డ కట్టించే మందూ, గడ్డని కరిగించే మందూ రెండూ వేసి మూత పెడితే మెషీను దానంతటది చూసుకుంటుంది. గుంట మసకబారితే తెర మీద గీత పైకి లేస్తుంది, గడ్డ కట్టిందని. తేటపడితే గీత కిందికి దిగుతుంది, కరిగిందని. మంచి రక్తమైతే ఎక్కినంత హుషారుగా దిగుతుంది. ఇన్సులిన్ మాట వినని ఒళ్ళయితే, ఆ ఒంట్లోని కొవ్వూ కాలేయమూ కలిసి గడ్డకి కాపలా కాసే పదార్థాన్నొకదాన్ని రక్తంలోకి వదులుతాయి. గీత పైనే కూర్చుంటుంది, దిగమంటే దిగదు.

మామూలు రక్తాల గీతలన్నీ బుద్ధిగా దిగాయి. ఒక్కటి తప్ప.

ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. ఒకటో నెంబరు. గుంటలో బుడగ ఉందేమోనని చూసింది. లేదు. మళ్ళీ కొత్తగా చుక్కలు వేసి మెషీన్లో పెట్టి, కాళ్ళు ముడుచుకుని దాని ముందే కూర్చుంది. ఒకటో నెంబరు మళ్ళీ ఎక్కింది, ఎక్కి అక్కడే తిష్ట వేసింది. బయట బెంచీ మీది మనుషుల్లో కూడా ఇంత మొండి గడ్డ ఆమె తక్కువగానే చూసింది. ఇన్సులిన్ ఎంతుందో చూసింది. పరగడుపున ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లుంది.

మొదట కూర్చున్నది ఎవరు? బెత్తం.

ఆమె లేచి గది తలుపు దగ్గరగా వేసింది. అప్పుడు నవ్వొచ్చింది. మొదట ముక్కుతో వచ్చిన నవ్వు, తర్వాత పొట్ట పట్టుకునేలా అయింది. సన్నగా ఉన్నంత మాత్రాన లోపల కొవ్వు లేదని ఎవరన్నారు? అలాంటివాళ్ళు ఉంటారని ఆమెకి పుస్తకాల్లో తెలుసు. ఆ ఉన్న ఒక్కడూ ఈయనే అయ్యుంటాడని కల్లో కూడా అనుకోలేదు. పైగా శనివారం మోకాలు కోయించుకుని, వారం పాటు కాలు కదపకుండా పడుకుంటాడట. గడ్డ కట్టడానికి అంతకన్నా మంచి ముహూర్తం ఉండదు. అంత సన్నటి మనిషికి, రోజూ పరిగెత్తే మనిషికి గడ్డ కడుతుందని ఏ సర్జన్ అనుకుంటాడు?

చెప్పకపోతే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు.

నిజమే, ఆ క్షణాన ఆమెకి నెత్తి మీద పాలు పోసినట్టే ఉంది. ఇందులో దాచడానికేం లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ముందుగదిలో అక్క మిషను కుడుతోంది. ఆ గదే దుకాణం, ఆ గదే అక్క రోజంతా ఉండే చోటు. మెడలో టేపు, పళ్ళ మధ్య గుండుసూదులు. బాగున్న కాలు పెడలు మీద, రెండోది బిగుతు మేజోడులో స్టూలు మీద. ఎవరిదో జాకెట్టు చంక దగ్గర విప్పి మళ్ళీ వేస్తోంది.

"ముఖం ఏంటే అలా వెలిగిపోతోంది? జీతం పెంచారా?" అంది అక్క సూదులు తీయకుండానే.

చెల్లెలు చెప్పులు కూడా విప్పకుండా అంతా చెప్పింది. ఒకటో నెంబరు, గీత, మోకాలు, శనివారం. చెప్తూ చెప్తూ మళ్ళీ నవ్వింది. అక్క మిషను ఆపలేదు. అంచు చివరి దాకా కుట్టి, దారం పంటితో తెంపింది.

"పాపం," అంది.

"పాపమా? నీ కాలు చూసుకో, చూసుకుని అను పాపం అని."

"రోజూ చూసుకుంటున్నానుగా. ఇంకెంత చూడను? నువ్వెప్పుడు తింటావు, అది చెప్పు ముందు."

"అక్కా, నీకు కోపం రాదా అసలు?"

"వస్తుంది. ఈ జాకెట్టు కుట్టించుకున్నావిడ మీద వస్తోంది. లూజు చెయ్యమంటుంది, చేస్తే బిగించమంటుంది." అక్క జాకెట్టుని వెలుతురుకి పెట్టి చూసింది. "ఆయనేం కొత్తగా అన్నాడే? లావున్నావు, తగ్గమన్నాడు. లావున్నాను కాబట్టి అన్నాడు. ఆ మాట అననివాళ్ళెవరు? ఆటోవాడు అంటాడు, కూరగాయలావిడ అంటుంది. వదిలెయ్."

"నేను వదలను."

"వదలకు. పట్టుకునే తిను పోయి. పొయ్యి మీద ఉంది."

చెల్లెలికి ఒళ్ళు మండింది. దెబ్బ తిన్న మనిషే నవ్వుతూ కూర్చుంటే, ఆ మనిషి కోసం పళ్ళు నూరేవాళ్ళ గతేంటి? తన కసి తనకే ఎబ్బెట్టుగా కనిపించింది. అయినా తగ్గలేదు.

బుధవారం లిఫ్టు దగ్గర బెత్తం కనిపించాడు. మోకాలికి పట్టీ కట్టుకుని కొంచెం కుంటుతున్నాడు. "ఏమ్మా, గడ్డలెలా ఉన్నాయి?" అన్నాడు. "బాగున్నాయి సార్. ఒకటైతే మరీ బాగుంది," అంది ఆమె. ఆయన లిఫ్టెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఆమెకి కాఫీ తియ్యగా ఉంది.

గురువారానికి ఆ తీపి విరిగింది. ఆయన మీద జాలి వచ్చిందనుకుంటే పొరపాటు. ఆమెకి వచ్చింది వేరే ఆలోచన. ఆయనకి గడ్డ కట్టి, ఊపిరాడక, ఏం జరుగుతోందో తెలియకుండానే పోతే అందులో తనకి మిగిలేదేంటి? పెద్ద ఫోటో పెట్టి, దండ వేసి, ఎంత గొప్ప డాక్టరో అని అందరూ మాట్లాడతారు. తనూ వెళ్ళి తల వంచుకు నిలబడాలి. అక్క పడ్డ భయంలో ఆయనకి ఆవగింజంత కూడా అంటదు. అలా కుదరదు. ఆయన భయపడాలి. మంచం మీద పడుకుని పిక్క తడుముకోవాలి. చెప్పితీరాలి, అదీ ఎప్పుడు చెప్తే ఎక్కువ గుచ్చుకుంటుందో అప్పుడే.

సాయంత్రం ఆయన గదికి వెళ్ళింది. కమిటీ మర్నాడే. ఆయన కుర్చీలో కాలు చాపుకుని, మోకాలి మీద ఐసు సంచీ పెట్టుకుని ఉన్నాడు. ఆమె గీతల ప్రింటు బల్ల మీద పరిచింది.

"ఇవి మామూలు రక్తాలు. ఇది మీది."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. అంతమాత్రం చదవలేని మనిషి కాదు. ఐసు సంచీ నెమ్మదిగా మోకాలి మీంచి జారి కిందపడింది, తీసుకోలేదు.

"ఇదేంటి? నేను రోజూ పరిగెడతాను."

"తెలుసు సార్. ఇన్సులిన్ కూడా చూడండి, కింద ఉంది."

"మీ నాన్నకి సుగర్ ఉందా, మీ అమ్మకి ఉందా అని అడగవా? నా ఇంట్లో ఎవరికీ లేదు." గొంతు కొంచెం లేచింది. "మీ పరీక్షే తప్పయ్యుంటుంది."

ఆమె ఈ మాట కోసమే వచ్చింది.

"అయ్యుండొచ్చు సార్. రేపు కమిటీలో అదే చెప్పండి. పరీక్ష తప్పు, ల్యాబు దండగ అని చెప్పి మూయించెయ్యండి. ఎల్లుండి మోకాలు కోయించుకుని వారం రోజులు నిశ్చింతగా పడుకోండి. లేదూ, పరీక్ష కరెక్టే అంటారా, అప్పుడు సర్జన్‌కి చెప్పి రక్తం పల్చబడే మందు పెద్ద మోతాదులో వేయించుకోండి. రెండింట్లో ఏదో ఒకటి. మీ ఇష్టం."

ఆయన ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెట్టుకున్నది మళ్ళీ తీసి ఇన్సులిన్ అంకె చూసుకున్నాడు. ఆమె అది కళ్ళనిండా చూసుకుని బయటికొచ్చింది.

శుక్రవారం కమిటీ గదిలో ఆయన వంతు వచ్చేసరికి అందరూ ఫైళ్ళు మూయడానికి సిద్ధంగా ఉన్నారు. బెత్తం బల్ల మీది నీళ్ళ గ్లాసు వైపే చూస్తూ, "ఇంకొంతకాలం నడవనిద్దాం. ఉపయోగం ఉన్నట్టే ఉంది," అన్నాడు. డైరెక్టరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. బెత్తం మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. గడ్డలమ్మకి ఆ రెండోసారి చెప్పింది మొదటిదానికన్నా బాగుంది.

అక్కణ్ణించి ఆయన తిన్నగా ల్యాబుకి వచ్చాడు.

"ఇంకొక్కసారి చెయ్యమ్మా. కన్ఫర్మ్ చేసుకుందాం."

"తప్పకుండా సార్. బయట కూర్చోండి, పిలుస్తాం."

"ఎక్కడ?"

"వరండాలో. వాళ్ళ తర్వాత మీరే."

ఆయన ఆమె ముఖం చూశాడు. సరదాగా అనలేదని అర్థమైంది. వెళ్ళి బెంచీ దగ్గర నిలబడ్డాడు. బెంచీ నిండుగా ఉంది. సోమవారం సంచీ పొట్ట మీదికి లాక్కున్నావిడ పక్కకి జరిగి, పక్కావిణ్ణి కూడా జరిపి, "రండి బాబూ, ఇక్కడ చోటుంది, కూర్చోండి. కాలు నొప్పా?" అంది. ఆయన వాళ్ళిద్దరి మధ్యా నలిగి కూర్చున్నాడు. వంతు రాగానే నర్సు అందరినీ ఎక్కించినట్టే ఆయన్నీ తూకం మెషీను ఎక్కించి, అంకె పైకి చదివింది. నడుము చుట్టు కొలిచి అదీ పైకి చదివింది. గడ్డలమ్మే స్వయంగా సూది తీసుకుంది. ఇంత తృప్తిగా ఎవరి నరమూ ఆమె వెతకలేదు.

"సాయంత్రం ఎడ్మిట్ అవుతున్నాను," అన్నాడు ఆయన చొక్కా చెయ్యి దించుకుంటూ. "నువ్వే వచ్చి చెప్పు రిజల్టు. ఇంకెవరితోనూ పంపకు."

మధ్యాహ్నం గీత లేచింది. లేచినంత హుషారుగా కిందికి దిగిపోయింది.

గడ్డలమ్మ తెరని చూస్తూ ఉండిపోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ దిగింది. ఆ ఆసుపత్రిలో అంత తొందరగా కరిగే గడ్డ ఇంకొకటి లేదేమో. ఇన్సులిన్ ఉండాల్సినంతే. ఫ్రిజ్‌లోంచి సోమవారం ట్యూబులన్నీ తీసి వరసగా మెషీన్లో పెట్టి చూసింది. ఇవాళ్టి గీత అచ్చు రెండో నెంబరు గీతలా ఉంది.

"సోమవారం పెద్దాయనకి ఏ నెంబరు వేశావు?" అని నర్సుని పిలిచి అడిగింది.

"రెండు, మేడమ్."

"ముందు కూర్చున్నది ఆయనేగా?"

"కూర్చుంటే మాత్రం? ఒకటో నెంబరు ఎప్పుడూ మీదే కదా. నేను ముందే అంటించి పెట్టుకుంటాను. ఆయనొచ్చి ఊడిపడ్డాడని మీ నెంబరు తీసి ఆయనకిచ్చేస్తానా? నాకు మర్యాద తెలీదా?" నర్సు నొచ్చుకున్నట్టే అంది.

"తెలుసు. వెళ్ళు," అంది గడ్డలమ్మ.

నర్సు చేసింది మర్యాదే. నెంబర్లు ముందే అంటించి పెట్టుకోవద్దని తను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. మనిషి కూర్చున్నాక అంటించాలన్నది మొదటి పాఠం. అంతకన్నా పెద్ద తప్పు, ఆ గీత ఎవరిదైతే బాగుండునో వాళ్ళదే అని తేల్చేసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కపోవడం. తన చేతికి పట్టీ తనే పంటితో బిగించుకుని, సొంత నరంలో సూది దించుకుంది. నీలం మూత ట్యూబు గీత దాకా నిండింది. ప్లాస్మా విడదీసి, చుక్క వేసి, మెషీను ముందు నిలబడింది. గీత ఎక్కింది. చాలాసేపు అక్కడే ఉంది. ఈసారి ఆమెకి నవ్వు రాలేదు.

కిందటిసారి, ఏడాది కింద, తన గీత బుద్ధిగానే దిగింది. అమ్మకి సుగరుండేది. అక్కకి గడ్డ కట్టింది. తను సన్నగా ఉంది కాబట్టి తనది మామూలు రక్తం అనుకుంది. ఆ లెక్కన లావున్నవాళ్ళు ఒక పక్క, తను ఇంకో పక్క. బెత్తం గీసిన గీతకి తనూ ఆయన వైపే నిలబడిందని అప్పుడు గుర్తొచ్చింది. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ మనిషి సాయంత్రం రక్తం పల్చబడే ఇంజెక్షను పెద్ద మోతాదులో వేయించుకుంటాడు. అవసరం లేని మనిషికి అంత మందిచ్చి, పొద్దున్నే మోకాలు కోస్తే రక్తం ఆగదు.

ఊరుకుంటే? ఊరుకోవచ్చు. ల్యాబు నడుస్తుంది, ఆయన భయపడుతూనే ఉంటాడు. చెప్తే రెండూ పోతాయి. కాని ఇది తన మెషీను చెప్పిన మాట. దాన్ని మింగేస్తే తను బతుకంతా చేసిన పనే అబద్ధం. ఆ మాత్రం ఆలోచించాల్సి వచ్చినందుకు కూడా ఆయన్నే తిట్టుకుంటూ వార్డుకి బయల్దేరింది.

బెత్తం ప్రైవేటు గదిలో ఆసుపత్రి గౌనులో మంచం మీద ఉన్నాడు. గౌనులో మనిషి ఇంకా చిన్నగా కనిపిస్తున్నాడు. ఒక చెయ్యి పిక్క మీద ఉంది. ఆమెని చూసి లేచి కూర్చున్నాడు.

"రామ్మా, కూర్చో. నిన్నట్నుంచీ నిద్ర లేదు." స్టూలు ఆయనే దగ్గరికి లాగాడు. "నర్సు చెప్పింది, మీ అక్కకి కూడా ఇలాగే గడ్డ కట్టిందటగా. ముందుగా ఎవరికీ చూపించలేదా?"

"చూపించింది సార్. మీకే."

ఆయన కళ్ళు చిట్లించి ఆలోచించాడు. నిజంగానే వెతుక్కున్నాడు, దొరకలేదు. "రోజుకి ఎంతమందో. గుర్తు లేదమ్మా."

"తనకి ఉంది."

ఆయన కళ్ళు తడిశాయి. ఇది ఆమె ఊహించలేదు. "అయినా నువ్వొచ్చి నాకు చెప్పావు చూడు. ఇంకొకళ్ళయితే ఊరుకునేవాళ్ళు. నీ మనసు గొప్పది," అన్నాడు.

చెంప మీద కొట్టినా ఆమెకి అంత మంట పుట్టేది కాదు. తన కసిని కూడా ఈ మనిషి మంచితనం కింద జమ వేసుకున్నాడు. ఇంకొక్క నిమిషం ఆ పొగడ్త వినలేక చెప్పేసింది.

"మీకేం లేదు సార్. నెంబర్లు కలిసిపోయాయి. మీ గడ్డ అందరికన్నా బాగా కరుగుతోంది. పెద్ద మోతాదు వద్దు. సర్జన్ అందరికీ ఇచ్చేదేదో అది చాలు."

ఆ ముఖం మారడం చూడాల్సిందే. ఒక్కొక్క గీతే నిటారుగా లేచి, బెత్తం మళ్ళీ బెత్తమయ్యాడు. గంట కొట్టి వార్డు నర్సుని పిలిచి ఇంజెక్షను వద్దన్నాడు. దిండు సర్దుకుని కాళ్ళు చాపుకున్నాడు.

"నాకు తెలుసు. నేను అప్పుడే అన్నాను, పరీక్ష తప్పని. ఇంతకీ ఆ ఒకటో నెంబరు ఎవరిది?"

"నాది. ఇవాళ మళ్ళీ చేశాను, అంతే వచ్చింది. ఇన్సులిన్ కూడా." అడగదలుచుకోలేదు, కాని ఈ ఆసుపత్రిలో ఇలాంటివి చూడాల్సింది ఆయనే. "మీరొకసారి నన్ను పరీక్ష చేస్తారా సార్?"

ఆయన పైనుంచి కిందికి ఒక్క చూపు చూశాడు. చెయ్యి చాపలేదు.

"నీకేంటమ్మా, పుల్లలా ఉన్నావు. పని ఎక్కువై బెంగ పెట్టుకున్నావు. నాలుగు రోజులు సెలవు పెట్టి నిద్రపో, అన్నీ పోతాయి." ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "అన్నట్టు, కమిటీ సంగతి మళ్ళీ ఒకసారి మాట్లాడాలి. నెంబర్లే సరిగా ఉంచుకోలేకపోతే ఎలా?"

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకి సరిగ్గా తెలియదు. అక్క మిషను మీద ఉంది. వీధి లైట్లు అప్పుడే వెలుగుతున్నాయి.

"ఏమైందే? నిన్న పెళ్ళి కళ, ఇవాళ ఇదేం కళ?" అంది అక్క.

చెల్లెలు అక్క కాలున్న స్టూలు పక్కనే నేల మీద కూర్చుని చెప్పింది. ఒకటో నెంబరు ఎవరిదో చెప్పినప్పుడు మిషను ఆగింది. అక్క పళ్ళ మధ్య సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తలో గుచ్చింది.

"నీదా?"

"నాదే. ఇప్పటికిప్పుడు ఏం కాదు అక్కా, భయపడకు. చూపించుకుని జాగ్రత్తగా ఉండాలంతే."

"ఆయన్ని అడిగావా?"

"అడిగాను. పుల్లలా ఉన్నావు, నిద్రపో, అన్నీ పోతాయి అన్నాడు."

"కాలు పట్టుకుని చూశాడా?"

"లేదు."

"చెయ్యి?"

"లేదక్కా. ముట్టుకోలేదు."

అక్క కుడుతున్న గుడ్డని మడిచి, మిషను మీద కవరు కప్పింది. స్టూలు మీది కాలు రెండు చేతులతో ఎత్తి కింద పెట్టింది.

"నన్నన్నప్పుడు నాకు కోపం రాలేదు, తెలుసా," అంది. "లావున్నాను, నా ఒళ్ళు చూసి అన్నాడు, నిజమే కాబోలు, తప్పు నాదే కాబోలు అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నాను. ఈ కాలు నేను చేసుకున్నదేననుకుంటున్నాను." మేజోడు అంచు పట్టుకుని గట్టిగా పైకి లాగింది. "ఇంత సన్నదానివి, నిన్ను కూడా ముట్టుకోకుండా అన్నీ పోతాయి అన్నాడంటే, వాడు నా ఒళ్ళు కూడా చూడలేదన్నమాట. అసలు చూడనే లేదన్నమాట."

మెడలోని టేపు తీసి మిషను మీద పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"నా చెప్పులెక్కడ?"

"ఇప్పుడెక్కడికక్కా? ఆయనకి రేపు ఆపరేషను."

"అయితే ఇవాళే కదా మాట్లాడాలి. రేపు మత్తులో ఉంటాడు. పద."

అక్క ముందు నడిచింది. కాలు ఈడ్చుకుంటూ, వీధి మలుపు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఎప్పుడూ చెయ్యి అందించే చెల్లెలు వెనకాల పడి అందుకోవాల్సి వచ్చింది. కూరగాయలావిడ ఏదో అనబోయి, అక్క ముఖం చూసి ఊరుకుంది.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి అడ్డొచ్చాడు. విజిటర్ల టైమైపోయిందనీ, ఎవరి తాలూకనీ అడిగాడు. గడ్డలమ్మ గుర్తింపు కార్డు కోసం సంచీలో చెయ్యి పెట్టింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మేం పేషెంట్లం, బాబూ," అంది. "పెద్ద డాక్టరు గారికి చూపించుకోవాలి. ఇద్దరం. ఆయన మా కాళ్ళు పట్టుకుని చూసేదాకా ఇక్కణ్ణించి కదలం, పోయి చెప్పు."